రొయ్య చేపేనా? ఉలమాల మధ్య తేడా ఎక్కడొస్తోంది?

మైపాడు, కృష్ణపట్నం వైపు దావత్‌లో రొయ్యల కూర పెడితే ఒకాయన తింటారు, పక్కనున్నాయన వద్దంటారు. ఇద్దరూ నమాజీలే. మరి తేడా ఎందుకు?

ఖురాన్‌లో మాయిదా సూరా 96వ ఆయత్ సముద్రపు వేటను హలాల్ చేసింది. షాఫీ ఉలమా దీన్ని విశాలంగా తీసుకుంటారు, వాళ్లకు రొయ్యతో ఇబ్బంది లేదు. హనఫీలకు నీటి జీవుల్లో చేప ఒక్కటే హలాల్. అందుకే పీత వద్దంటారు.

అసలు చిక్కు హనఫీల్లోనే ఉంది. 14వ శతాబ్దపు దమీరీ 'హయాతుల్ హయవాన్'లో రొయ్యను చిన్న చేపగా రాశారు. దాని ఆధారంగా మౌలానా అష్రఫ్ అలీ థానవీ జాయిజ్ అన్నారు. జంతుశాస్త్రం చూసినవాళ్లేమో వెన్నెముక లేదు, పది కాళ్లున్నాయి, చేప ఎలా అవుతుందంటారు.

ఆయత్ ఒక్కటే. 'చేప' అంటే ఏంటో అరబ్బుల వాడుకను అడగాలా, సైన్సును అడగాలా అన్న దగ్గరే ఫత్వా మారిపోతోంది.

మన జిల్లాలో రొయ్యల చెరువుల మీద బతికే ఇళ్లెన్నో. పక్కవాళ్ల పళ్లెం చూసి హరాం అనేముందు, వాళ్లు ఏ మజ్‌హబ్, ఏ ఆలిం మాట మీద నడుస్తున్నారో అడగండి. మీ సంగతి మీ ఇమాం సాబ్‌నే అడిగి తెలుసుకోండి.