చిన్న కుచ్చు, చిక్కటి నురగ

డబ్బా మీట నొక్కితే అరచేతి నిండా నురగ వచ్చే రోజులివి. అయినా గడ్డం బ్రష్ కనుమరుగు కాలేదు. సెలూన్ అద్దం ముందూ, ఇళ్లలో స్నానాలగది అరల్లోనూ ఇంకా కనిపిస్తూనే ఉంది. బ్రష్‌లలో అంతగా ఆదరణకు నోచుకోనిది పంది వెంట్రుకలతో చేసిన బుల్లి బ్రష్. కొత్తలో అది చెంపకు గుచ్చుకుంటుంది. తడిస్తే వాసన వస్తుంది. ఒకటి రెండు వెంట్రుకలు ఊడి నురగలో తేలతాయి. ఇవన్నీ చూసి నాలుగు రోజులకే పక్కన పడేసేవాళ్లున్నారు. దాని మంచితనం బయటపడేది ఆ తర్వాతే.

రహస్యం వెంట్రుకలో ఉంది. పంది వెంట్రుక లావుగా, బిరుసుగా ఉంటుంది. నీటిని తనలోకి పీల్చుకుంటుంది. ఖరీదైన బ్రష్‌లకు వాడే, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలు నీటిని ఎక్కువగా తమ మధ్య సందుల్లో పట్టి ఉంచుతాయి కనుక వాటిని ముంచి తీస్తే చాలు. పంది వెంట్రుకను మాత్రం నానబెట్టాలి. వాడేకొద్దీ ఒక్కో వెంట్రుక కొస సన్నని పాయలుగా చీలుతుంది. మొదళ్లు బిరుసుగానే ఉండి, చర్మానికి తగిలే కొసలు మెత్తబడతాయి. కొన్ని వారాలు వరసగా వాడితే వచ్చే గుణం ఇది. ఇటలీలోని బొలోన్యాలో 1931లో మొదలైన ఒమేగా, పోర్చుగల్‌లో 1930లో మొదలైన సెమోగ్ సంస్థలు ఈ వెంట్రుకతోనే పేరు తెచ్చుకున్నాయి.

ఇక పరిమాణం సంగతి. మామూలు బ్రష్ కుచ్చు మొదలు దగ్గర సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 18 మిల్లీమీటర్ల చిన్న కుచ్చులో పట్టే వెంట్రుకలు అందులో సగానికి కాస్త ఎక్కువే. అందుకే నురగ కూడా తక్కువ మోస్తుంది. కానీ ఇదే దాని బలం కూడా. కుచ్చు పొట్టిగా ఉన్నకొద్దీ వెంట్రుక తేలిగ్గా వంగదు. గడ్డం కింద, ముక్కు కింద, మీసం అంచున అనుకున్నచోటే నురగ పడుతుంది. చెవులకూ మెడకూ పూసుకుపోదు. బిరుసైన కుచ్చు గడ్డం వెంట్రుకలను లేపి, వాటి మొదళ్లలోకి తడి చేరుస్తుంది. తడిసిన గడ్డం బ్లేడుకు సులువుగా తెగుతుంది.

వాడకంలో మొదటి మెట్టు నానబెట్టడం. స్నానానికి ముందు గోరువెచ్చటి నీళ్లున్న గ్లాసులో కుచ్చు వరకే ముంచి ఉంచితే, స్నానం అయ్యేసరికి సిద్ధంగా ఉంటుంది. మరిగే నీళ్లు పనికిరావు. వాటికి వెంట్రుకా పాడవుతుంది, కుచ్చును పిడికి పట్టించిన జిగురూ వదులవుతుంది. తీశాక నీళ్లు ఓడకుండా ఒకసారి విదిలించాలి. సబ్బుబిళ్ల అయితే కొసలతో అర నిమిషానికి పైగా గుండ్రంగా తిప్పాలి. ట్యూబు క్రీమ్ అయితే బఠాణీ గింజంత చాలు. నురగ తయారుచేయడానికి గిన్నె అక్కర్లేదు, ముఖమే చాలు. ముందు గుండ్రంగా రుద్ది, నురగ లేచాక గోడకు సున్నం వేసినట్టు అటూ ఇటూ పరచాలి. పొడిగా అనిపిస్తే కొసలను మాత్రమే నీటికి తాకించాలి. కుచ్చు విచ్చుకుపోయేలా చెంపకేసి అదిమితే వెంట్రుకలు మధ్యలో విరుగుతాయి.

మొదట వాలుకు గీసి, తర్వాత ఎదురుకు గీసుకునేవారు రెండోసారి మళ్లీ సబ్బు తీసుకోవాలి. చిన్న బ్రష్ కోరే అదనపు శ్రమ ఇంతే.

తెలుగు రాష్ట్రాల్లో బోరునీళ్లు వాడే ఇళ్లకు ఈ బుల్లి బ్రష్ మరో మేలు చేస్తుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న నీటిలో సబ్బు నురగకుండా తెల్లటి తెట్టుగా మారుతుంది. పెద్ద బ్రష్‌కు నీళ్లు ఎక్కువ కావాలి. చిన్నదానికి అర గ్లాసు తాగునీళ్లు సరిపోతాయి. నానబెట్టడానికీ, నురగకీ ఆ నీళ్లే వాడి, ముఖం కడుక్కోవడానికి మాత్రం కుళాయి తిప్పుకోవచ్చు.

శుభ్రత విషయంలో చరిత్ర నేర్పిన పాఠం ఒకటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు నుంచి కాపాడే ముసుగు ముఖానికి గట్టిగా అతుక్కోవాలంటే సైనికుడు నున్నగా గడ్డం గీసుకోవాల్సి వచ్చేది. అదే సమయంలో బ్యాడ్జర్ వెంట్రుకల సరఫరా దెబ్బతిని, ఆసియా నుంచి వచ్చిన గుర్రపు వెంట్రుకలతో చౌక బ్రష్‌లు తయారయ్యాయి. సరిగా శుద్ధి చేయని ఆ వెంట్రుకల ద్వారా బ్రిటన్‌లో, అమెరికాలో సైనికులకూ పౌరులకూ ఆంత్రాక్స్ సోకింది. జంతువుల వెంట్రుకలను శుద్ధి చేశాకే బ్రష్‌లకు వాడాలన్న పట్టుదల ఆ అనుభవంతో బలపడింది. ఊరూ పేరూ లేని బ్రష్ కాకుండా తయారీదారు వివరాలున్నదే కొనడం ఇప్పటికీ క్షేమం.

కొన్నాక మొదటి పని సబ్బుతో బాగా కడగడం. నురగ పట్టించి కాసేపు ఉంచి కడిగేస్తే వాసన కొద్దిరోజుల్లో పోతుంది. ప్రతిసారీ వాడాక సబ్బు జాడ లేకుండా కడిగి, పిండి, తువ్వాలుకు తుడిచి గాలి ఆడే చోట పెట్టాలి. తడి బ్రష్‌ను ప్రయాణపు డబ్బాలో మూసిపెడితే బూజు పడుతుంది. చిన్న కుచ్చు త్వరగా ఆరుతుంది కాబట్టి ప్రయాణాలకు ఇదే అనువు. గడ్డం గీసేటప్పుడు కంటికి కనిపించని గాట్లు పడతాయి కనుక ఒకరి బ్రష్ మరొకరు వాడకూడదు, ఇంట్లో తండ్రీ కొడుకులైనా సరే.

మతాచారం వల్లో, శాకాహార నియమం వల్లో పంది వెంట్రుక వద్దనుకునేవారికి కృత్రిమ పోగుల బ్రష్‌లు ఉన్నాయి. వాటిని నానబెట్టే పని లేదు, త్వరగా ఆరతాయి కూడా. ఆ అభ్యంతరం లేనివారు మాత్రం చిన్న పంది వెంట్రుకల బ్రష్‌ను కొన్న వారంలోనే తీసిపారేయవద్దు. ఒక నెల పాటు రోజూ నానబెట్టి వాడి చూసి, అప్పుడు నిర్ణయించుకోండి.