ఉప్పు, చక్కెర నీటి వెనుకనున్న శాస్త్రము

కలరా, అనగా గత్తర వచ్చినదన్నచో ఒకప్పుడు ఊళ్లకూళ్లు గడగడలాడెడివి. నీరు త్రాగించిన విరేచనములు హెచ్చునని తలచి, రోగిని దాహముతోనే ఉంచినవారు పెక్కురు. ఆ భ్రమ నేటికిని కొన్ని ఇండ్లలో పోలేదని మా పర్యటనలలో గమనించితిమి. అందుచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో ఈ వ్యాధిబీజమును గుర్తించెను. అది మనుష్యుని ఎట్లు చంపునో మాత్రము తెలియలేదు. 1959లో కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే కుందేళ్ల ప్రేవులపై పరిశోధించి, ఆ సూక్ష్మజీవి విడుచు విషమే శరీరములోని నీటిని ప్రేవులలోనికి తోడివేయునని నిరూపించెను. 1960లో జీవరసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్రేన్, ప్రేవుల జీవకణములు ఉప్పును, చక్కెరను జతగా లోనికి గైకొనునని తెలిపెను. వాని వెంట నీరును పోవును. కలరా విషము ఈ మార్గమును మూయజాలదని పిదప తేలెను.

1971లో పశ్చిమ బెంగాలులోని బొంగావ్ శరణార్థి శిబిరమున సెలైను నిండుకొనగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ రోగులచే ఉప్పు, చక్కెర ద్రావణమును త్రాగించెను. నూటికి సుమారు 30గా నున్న మరణములు 4 లోపునకు తగ్గెను.

సూక్ష్మజీవిశాస్త్రము, కణశాస్త్రము, వైద్యము చేయి కలిపినందున లభించిన ఫలమిది. విరేచనములు పట్టుకొన్న బిడ్డకు ఆలస్యము చేయక, ఓ.ఆర్.ఎస్. పొట్లముపై చెప్పినంత కాచి చల్లార్చిన నీటిలో కలిపి త్రాగించవలెను. త్రాగలేని బిడ్డను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఆశా కార్యకర్త యొద్ద పొట్లములున్నవా, త్రాగునీటిలో క్లోరిన్ కలుపుచున్నారా యని పంచాయతీ సభ్యులు తరచు విచారింతురు గాక.