కోరింగ మడల్లో నీటిపిల్లికి కాపలా ఎవరు?

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటామంటే ఎడమ చేతి వైపు మడ అడవి. గోదావరి సముద్రంలో కలిసే చోట 235 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న కోరింగ అభయారణ్యం ఇదే. 1978లో ఏర్పాటైంది. సెలవు రోజుల్లో జనం చెక్కవంతెన మీద నడిచి, పడవెక్కి, ఫొటోలు దిగి వెళ్తుంటారు. కొంగలు, పీతలు ఎటూ కనిపిస్తాయి, అదృష్టం ఉంటే నీటికుక్కలూ కనిపిస్తాయి. ఇక్కడి అసలు వేటగాడు మాత్రం చీకటి పడితే గానీ బయటికి రాడు. వాడే బావురుపిల్లి, ఉరఫ్ నీటిపిల్లి.

పెంపుడు పిల్లికి రెండింతలుంటుంది. బూడిద రంగు ఒంటి మీద వరసలు వరసలుగా నల్లమచ్చలు, పొట్టి తోక. కాలివేళ్ల మధ్య కొద్దిగా చర్మం ఉంటుంది. లోపలి బొచ్చు ఎంత దట్టమంటే నీళ్లు చర్మం దాకా దిగవు. ఒడ్డున మాటేసి, చేప పైకి తేలగానే పంజాతో లాగేస్తుంది. అందకపోతే నీళ్లలోకి దూకేస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని పులితో పాటు మొదటి షెడ్యూలులో చేర్చింది. అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2016 నుంచి దీన్ని ముప్పు పొంచి ఉన్న జీవుల్లో లెక్కేస్తోంది.

బురదలో కెమెరాలు

రాత్రి తిరిగే జీవిని లెక్కపెట్టాలంటే కెమెరా ట్రాపులే దిక్కు. మడల్లో అదంత తేలిక కాదు. మోకాలి లోతు బురద, అడుగు తీసి అడుగేస్తే గుచ్చుకునే శ్వాసవేర్లు, పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమైన తిల్ల చెట్లు. కెమెరాను కిందికి కడితే పోటుకి మునుగుతుంది, పైకి కడితే పిల్లి ఫ్రేములో పడదు. ఏ పాయలో నీరు ఎంత ఎక్కుతుందో, ఏ ఒడ్డున అడుగులు పడ్డాయో చెప్పగలిగేది రోజూ అక్కడ వలేసే మత్స్యకారులే. ఒంటి మీద మచ్చలు ఏ పిల్లివి దానివే కాబట్టి, ఫొటోలు పక్కపక్కన పెట్టి ఒక్కోదాన్నీ గుర్తుపడతారు. 2018 సర్వేలో కోరింగలో 115 పిల్లులు తేలాయి. వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పరిశోధకుడు గిరిధర్ మల్లా ఈ డెల్టాలోనే వాటి తిండీ తిరుగుడూ అధ్యయనం చేశారు. మలంలో దొరికిన పొలుసులు, పీత డిప్పలు, ఎలుక వెంట్రుకలే ఇలాంటి అధ్యయనానికి ఆధారాలు.

గట్టు మీద తగువు

అభయారణ్యం హద్దు పిల్లికి తెలియదు. హద్దు దాటితే రొయ్యల చెరువులు, చేపల చెరువులు. 1990ల నుంచి ఆక్వా సాగు పెరిగేకొద్దీ తీరంలో చాలాచోట్ల మడలు తరిగాయి. తిండి వెతుక్కుంటూ పిల్లి చెరువు గట్టెక్కితే రైతుకు కోపం వస్తుంది. కుక్కల బెడద, రాత్రిపూట రోడ్డు మీద లారీల బెడద సరేసరి.

అందుకే ఇక్కడి సంస్థల పని పిల్లి కన్నా మనుషులతోనే ఎక్కువ. ఫిషింగ్ క్యాట్ కన్సర్వెన్సీ, ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ ఆంధ్ర తీరంలో ఊళ్లు తిరుగుతున్నాయి, బడుల్లో పిల్లలకు ఈ జంతువును పరిచయం చేస్తున్నాయి. గట్టుకు బొరియలు పెట్టే ఎలుకల్నీ ఇది తింటుందంటే రైతు కాస్త ఆగి వింటాడు. ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధనా సంస్థ గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎండిపోయిన మడ నేలల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, పోటునీరు లోపలికి పారేలా చేసి మొక్కలు నాటించింది. ఆ పనిలో ఊరి జనమే భాగస్వాములు. చెక్కవంతెన దగ్గర టికెట్టు డబ్బులతో నడిచే పర్యాటకంలోనూ స్థానిక కమిటీలకు పాత్ర ఉంది. అడవి నిలిస్తే తమ ఇంట్లో పొయ్యి వెలుగుతుందని తెలిసినవాళ్లు గొడ్డలి పట్టరు.

ఒడిశాలోని చిలికా సరస్సులో 2022 నాటి లెక్కలో 176 పిల్లులు తేలాయి. అవన్నీ అభయారణ్యాల బయట, మత్స్యకారుల మధ్య బతుకుతున్నవే. కోరింగకు కూడా అదే పాఠం. అడవి లోపలి పిల్లికి అటవీశాఖ ఉంది. చెరువు గట్టెక్కిన పిల్లి బతకాలా వద్దా అన్నది ఆ గట్టు రైతు చేతిలోనే ఉంది. నష్టపోయిన రైతుకు తోడుగా నిలిచే ఏర్పాటు ఎంత గట్టిగా ఉంటే, పిల్లి బతుక్కి అంత భరోసా.