నొప్పి పోవాలంటే... కదలిక వదులుకోవాలి!

1976లో అన్నపూర్ణ స్టూడియోస్‌ వెలిశాక మద్రాసు నుంచి మెల్లమెల్లగా తరలివచ్చిన తెలుగు సినిమాకు ఇప్పుడు ఫిల్మ్‌నగరే చిరునామా. తెరమీద కనిపించేవి ముఖాలు. వాటి వెనక కష్టపడేవి చేతులు. జడలల్లే చేతులు, కాస్ట్యూమ్స్‌ కుట్టే చేతులు, లైట్లు మోసే చేతులు. ఆ చేతికి కీళ్లవాతం వచ్చి, మణికట్టులో నొప్పి తిష్ఠవేస్తే? గ్లాసు పట్టుకోవడమూ గండమే!

ఎందుకొస్తుంది?

మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. రుమటాయిడ్‌ ఆర్థరైటిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి కీలు లోపలి పొరమీద దాడిచేస్తుంది. వాచిన ఆ పొర క్రమంగా మృదులాస్థినీ, ఎముకనూ తినేస్తుంది. మగవారికంటే ఆడవారిలోనే ఈ జబ్బు ఎక్కువ. తొలిదశలోనే గుర్తించి మెథోట్రెక్సేట్‌ లాంటి మందులు వాడితే చాలామందికి ఆపరేషన్‌ అవసరమే రాదు. మందులూ, పట్టీలూ, ఇంజెక్షన్లూ పనిచేయకపోతే అప్పుడు ‘రిస్ట్‌ ఫ్యూజన్‌’ గురించి ఆలోచిస్తారు.

ఏం చేస్తారు?

పాడైన మృదులాస్థిని తొలగించి ముంజేతి ఎముకనూ, మణికట్టు ఎముకలనూ, మధ్యవేలికి దిగువన అరచేతిలో ఉండే ఎముకనూ లోహపు ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. అవసరమైతే తుంటి నుంచి తీసిన ఎముక ముక్కల్ని సందుల్లో నింపుతారు. సాధారణంగా రెండు మూడు నెలల్లో అవి అతుక్కుంటాయి. రాపిడి ఉండదు కాబట్టి నొప్పి బాగా తగ్గుతుంది. పొగతాగేవారిలో మాత్రం అతుకు ఆలస్యమవుతుంది.

పోయేదేంటి... మిగిలేదేంటి?

వేళ్లు ఆడతాయి. ముంజేయి తిరుగుతుంది కాబట్టి తాళం తీయొచ్చు. మణికట్టు మాత్రం ఇక వంగదు. అరచేతులు గుండెకానించి నమస్కారం పెట్టడం, చెయ్యి నేలకానించి పైకి లేవడం, ఇరుకు డబ్బాలో చెయ్యి పెట్టడం కష్టమవుతాయి. బరువులెత్తే లైట్‌బాయ్‌కి ఇది వరం కావచ్చు. హస్తముద్రలే ఊపిరైన నర్తకికి పెద్ద త్యాగమే. కదలిక కొంతైనా మిగలాలంటే పాక్షిక ఫ్యూజన్‌, కృత్రిమ కీలు లాంటి దారులున్నాయి. అవి అందరికీ నప్పవు. కృత్రిమ కీలు బరువు పనులకు తట్టుకోలేదు, కాలక్రమంలో వదులవ్వచ్చు కూడా. రెండు చేతులూ దెబ్బతింటే ఒకదానికి ఫ్యూజన్‌ చేసి, రెండోదానిలో కదలికను కాపాడేందుకు ప్రయత్నిస్తుంటారు.

అందుకే తొందరొద్దు. ముందు కొన్నాళ్లు మణికట్టు కదలకుండా గట్టి పట్టీ వేసుకుని అన్నం తినండి, జడ వేసుకోండి, మీ పని చేసుకోండి. ఎలా ఉందో డాక్టరుకి చెప్పండి. టేక్‌కి ముందు రిహార్సల్‌ అవసరమని ఫిల్మ్‌నగర్‌ వాసులకు వేరే చెప్పాలా? పైగా, ఈ టేక్‌కి రీటేక్‌ ఉండదు!