జ్వరం తగ్గిందని మాత్రలు ఆపొద్దు

భద్రాచలం అడవి పల్లెలకు వెళ్లొచ్చాక చలిజ్వరం వస్తే ముందు రక్త పరీక్ష చేయించాలి. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాల్లో దూరి పెరిగి, వాటిని పగలగొడుతుంది. అప్పుడు ఒంట్లోని రక్షణ వ్యవస్థ తిరగబడుతుంది. వణుకు, జ్వరం అందుకే. పదేపదే మలేరియా సోకిన అడవి పల్లెల పెద్దవాళ్లకు కొంత నిరోధకశక్తి ఉంటుంది. ఖమ్మం నుంచి వెళ్లే మనవాళ్లకు అది ఉండదు.

వైవాక్స్ రకం కాలేయంలో కూడా దాక్కుంటుంది. రక్తంలోదాన్ని 3 రోజుల క్లోరోక్విన్ చంపుతుంది. దాక్కున్నదానికి ప్రిమాక్విన్ 14 రోజులు పూర్తిగా వేసుకోవాల్సిందే. మధ్యలో ఆపితే నెలల తర్వాత కూడా జ్వరం తిరగబెట్టొచ్చు. గర్భిణులకు, పసిపిల్లలకు ఈ మందు ఇవ్వకూడదు. ఫాల్సిపారమ్ అయితే మందులు వేరు, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. రంజాన్‌లోనైనా కోర్సు ఆపొద్దు, జబ్బుపడినవారికి రోజా నుంచి మినహాయింపు ఉంది. ఇంట్లో మిగిలిన మాత్రలు మింగకుండా పీహెచ్‌సీకి వెళ్లండి. అక్కడ పరీక్ష, మందులు ఉచితం.