గదిలో ఐదుగురు, తెర మీద ఇద్దరు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైలు ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. దయాల్‌బంద్‌లో అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. పెద్దమ్మాయి పెళ్లి సంబంధం గురించి విజయనగరంలోని బంధువులతో వీడియో కాల్‌లో మాట్లాడాలి. ఫోన్‌ను స్టీలు చెంబుకు ఆనించి బల్ల మీద పెట్టారు. ఎదురుగా ఐదుగురు కూర్చున్నారు. అవతలి వాళ్లకు కనిపిస్తున్నది తండ్రి ముఖం, పక్కన బాబాయి ముఖంలో సగం. ఫోన్‌ను వెనక్కి జరిపితే ఐదుగురూ తెరపైకి వచ్చారు కానీ, ఎవరి ముఖమూ స్పష్టంగా లేదు. మూలన మంచం మీదున్న నాయనమ్మ ఏదో అంది. ఒప్పుకుందా, వద్దందా? విజయనగరంలో ఎవరికీ తెలియలేదు.

ఇందులో ఫోన్ లోపం పెద్దగా లేదు, ఉన్నది దూరం లెక్క. కెమెరా 70 డిగ్రీల వెడల్పున చూస్తుందనుకుంటే, మూడు మీటర్ల అవతల నాలుగు మీటర్లకు పైగా వెడల్పును అది పట్టాలి. చిత్రం అడ్డంగా 1280 పిక్సెళ్లదైతే, 15 సెంటీమీటర్ల వెడల్పున్న ముఖానికి దక్కేవి దాదాపు 45 పిక్సెళ్లు. నెట్ మందగించి చిత్రం సగానికి తగ్గిందంటే 23. అంత తక్కువలో పెదవి విరుపు ఎక్కడ కనిపిస్తుంది? అదే ముఖం 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సుమారు 230 పిక్సెళ్లు వస్తాయి. ఆ గదిలో మరో రెండు, మూడు ఫోన్లు జేబుల్లోనో ఛార్జింగ్‌లోనో ఊరికే పడి ఉంటాయి. వాటి కెమెరాలనూ అదే కాల్‌లో కలిపితే ఒక్కొక్కరికీ సొంత చట్రం దొరుకుతుంది.

ఆలోచన కొత్తది కాదు. 1990ల మొదట్లో టొరంటో విశ్వవిద్యాలయంలో అబిగైల్ సెల్లెన్, బిల్ బక్స్‌టన్ తదితరులు ‘హైడ్రా’ అనే ఏర్పాటు చేశారు. నలుగురి సమావేశంలో అక్కడ లేని ఒక్కొక్కరి స్థానంలో ఒక చిన్న పెట్టె. అందులో కెమెరా, తెర, స్పీకరు. ఎవరి పెట్టె వైపు తిరిగితే వాళ్లతో మాట్లాడుతున్నట్టే. 2002లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఐదు చవక కెమెరాలను గుండ్రంగా అమర్చి, బల్ల చుట్టూ ఉన్న అందరినీ ఒకే పొడవాటి చిత్రంగా చూపే ‘రింగ్‌క్యామ్’ను వివరించారు. ఇవన్నీ ప్రత్యేకంగా చేసిన పరికరాలు. ఇంట్లో ఉన్న ఫోన్లతోనే అదే పని చేయించబోతే చిక్కు మొదలవుతుంది. ఆ చిక్కు బొమ్మది కాదు, శబ్దానిది.

రెండు ఫోన్లను ఒకే గదిలో ఒకే కాల్‌కు కలిపి చూసినవారికి ఆ కూత తెలిసే ఉంటుంది. తండ్రి మాట మొదటి ఫోన్ మైకులోకి వెళ్లి, సర్వర్ దాకా పోయి, రెండో ఫోన్ స్పీకరులోంచి కాసేపటికి బయటికొస్తుంది. దాన్ని మొదటి ఫోన్ మైకు మళ్లీ పట్టుకుంటుంది. అలా తిరిగి తిరిగి చెవులు గింగురుమనే కూతగా మారుతుంది. ఫోన్లలో ప్రతిధ్వనిని తొలగించే ఏర్పాటు ఉంటుంది కదా అనవచ్చు. ఉంటుంది, కానీ తన స్పీకరులోంచి ఏ శబ్దం వెళ్తోందో తనకు తెలుసు కాబట్టే ఫోన్ దాన్ని మైకు శబ్దంలోంచి తీసేయగలదు. పక్క ఫోన్ ఏం పలుకుతోందో, ఎప్పుడు పలుకుతోందో దానికి తెలియదు.

పైగా రెండు ఫోన్ల గడియారాలు ఒకే వేగంతో నడవవు. లోపలి స్ఫటికాల మధ్య పది లక్షలకు 20 వంతుల తేడా ఉందనుకుందాం. వినడానికి అది లెక్కలోకి రానంత తక్కువ. అరగంట కాల్‌లో మాత్రం 36 మిల్లీసెకన్లు అవుతుంది. అంటే సెకనుకు 30 బొమ్మల వీడియోలో ఒక బొమ్మ కంటే ఎక్కువ. ఒక ఫోన్ బొమ్మను, ఇంకో ఫోన్ శబ్దాన్ని కలిపి పంపాలంటే ఈ తేడాను ఎప్పటికప్పుడు కొలిచి సరిచేస్తూనే ఉండాలి. శబ్దం కాస్త వెనకబడితే మనం పెద్దగా పట్టించుకోం. నది అవతలి ఒడ్డున బట్ట బండను తాకడం ముందు కనిపించి, చప్పుడు తర్వాత వినిపించడం మనకు అలవాటే. శబ్దం ముందుకు వస్తేనే ఎబ్బెట్టు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు ప్రకారం బొమ్మ కంటే శబ్దం సుమారు 45 మిల్లీసెకన్లు ముందున్నా చూసేవారు పసిగడతారు. వెనకబడితే 125 దాకా గమనించరు.

అందుకే చాలా సేవలు సులువైన దారి పట్టాయి. శబ్దం ఒక్క పరికరానిదే, మిగతావి బొమ్మకే. గూగుల్ మీట్‌లోని ‘కంపానియన్ మోడ్’ చేరుతూనే మైకు, స్పీకరు ఆపేసి ఉంచుతుంది. 2024లో అదే సంస్థ ఒక గదిలోని పలు ల్యాప్‌టాప్‌ల మైకులను, స్పీకర్లను కలిపి ఒకే వ్యవస్థలా పనిచేయించే సదుపాయం తెచ్చింది. ఇంట్లో చేసుకోవాలంటే మొదటి దారే నయం. మాట ఒక్క ఫోన్‌లోనే ఉండాలి. మిగతా వాటిలో మైకుతో పాటు స్పీకరునూ ఆపాలి. మైకు ఒక్కటే ఆపి ఊరుకుంటే కూత తగ్గదు. ప్రతి ఫోన్ తన వీడియో పంపుతూ, అందరివీ తెచ్చుకుంటూ ఉంటుంది కాబట్టి వైఫై బలహీనంగా ఉన్నచోట రెండు కెమెరాలతో సరిపెట్టుకోవడం మంచిది.

ఇక్కడితో తీరని సమస్య ఒకటుంది. ఇన్ని కెమెరాల్లో ఏ క్షణాన దేన్ని పెద్దగా చూపాలి? సాధారణంగా ఎవరి గొంతు గట్టిగా ఉంటే వారినే చూపుతారు. దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు ఆరు డెసిబెళ్లు తగ్గుతుంది కనుక, మైకుకు దగ్గరగా కూర్చున్నవారు మెల్లగా మాట్లాడినా గెలుస్తారు. మాట్లాడకుండా తల అడ్డంగా ఊపినవారు అసలు పోటీలోనే లేరు. పెళ్లి మాటల్లో తల ఊపు చిన్న విషయమా? ఇలాంటి కాల్‌లో యంత్రం ఎంపికను ఆపి, అందరి చట్రాలూ సమానంగా కనిపించే అమరికను ఎంచుకోవడమే మేలు.

కెమెరాలు పెరిగితే అవి చూసే మూలలూ పెరుగుతాయి. అలమర మీద పెట్టిన ఫోన్‌కు వంటగది గుమ్మం, అక్కడ తిరుగుతున్నవారు కూడా కనిపిస్తారు. ఆండ్రాయిడ్ 12 నుంచి కెమెరా పనిచేస్తుంటే తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వస్తుంది. కానీ అది ఫోన్ ఎదుట కూర్చున్నవారికి కనిపించేంత చిన్నది. గుమ్మం దగ్గర ఉన్నవారికి ఎవరైనా నోటితోనే చెప్పాలి.