కొల్లేటి గట్టున కొలువుందా?

టెంట్ వేసుకుని ఒక రాత్రి గడిపితే సెల్ఫీలు మిగులుతాయి. కాస్త కళ్లు తెరిచి గడిపితే ప్రకృతి పర్యాటక రంగం మీకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది. ఆ పరీక్ష రాయడానికి ఏలూరు, తాడేపల్లిగూడెం కుర్రకారు ఊటీ దాకా వెళ్లనక్కర్లేదు.

డిగ్రీ చేతికొచ్చింది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. కోచింగ్‌కు హైదరాబాద్ వెళ్లాలా, బెంగళూరులో ఉన్న అన్నయ్య రూమ్‌లో దిగి ఇంటర్వ్యూలు తిరగాలా అని ఇంట్లో రోజూ చర్చే. ఈలోగా ఫోన్లో రీల్స్: నీళ్ల ఒడ్డున టెంటు, చలిమంట, గిటారు. ‘మనమూ ఇలాంటి క్యాంప్ ఒకటి పెడితే?’ అని మీ బ్యాచ్‌లో ఎవరో ఒకరు అనే ఉంటారు. నవ్వి వదిలేయకండి. అలాగని అప్పు చేసి టెంట్లూ కొనేయకండి. ముందు ఒక రాత్రి గడిపి చూడండి.

కొల్లేరు మీకు పక్కనే ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పరుచుకున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లన్నీ ఇక్కడ చేరి, ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతంలో కలుస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పక్షుల సీజన్. కైకలూరు పక్కనున్న ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఏలూరు నుంచి రోడ్డు మార్గం ఉంది. తాడేపల్లిగూడెం వాళ్లు భీమవరం చేరుకుంటే ఆకివీడు, కైకలూరు మీదుగా గుడివాడ వెళ్లే రైలు మార్గం ఉండనే ఉంది. సముద్రమే కావాలనుకుంటే మొగల్తూరు దగ్గర పేరుపాలెం బీచ్ ఉంది.

టెంట్ ఎక్కడ వేయాలి?

మొదటి పాఠం ఇక్కడే. కొల్లేరులో ప్లస్ 5 కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాలో, రామ్‌సర్ సైట్‌గా చేరింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం అభయారణ్యంలోకి ఊరికే వెళ్లి గుడారం వేసేయడం కుదరదు. పర్యాటకానికైనా, ఫొటోలకైనా, పరిశోధనకైనా అటవీశాఖ అనుమతి తప్పనిసరి. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం ఆ చట్టం కింద నేరం. రీల్‌లో అందంగా కనిపించిన చలిమంట ఎండిన కిక్కిస గడ్డి పక్కన వేస్తే కేసు దాకా పోవచ్చు.

కాబట్టి హద్దు బయటే చూసుకోండి. తెలిసినవాళ్ల కొబ్బరితోట, ఊళ్లో ఎవరిదైనా డాబా, ఇంటి ముందు ఖాళీ స్థలం ఏదైనా సరే. హద్దు ఎక్కడ మొదలవుతుందో అటవీశాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ‘ఏం పర్లేదులే, ఇక్కడ ఎవరూ అడగరు’ అనే మాట నమ్మి నలుగురిని వెంట తీసుకెళ్లేవాడు రేపు నలభై మందిని ఇబ్బందిలో పెడతాడు. అడిగి అనుమతి తెచ్చుకునే అలవాటే ఈ రంగంలో మొదటి అర్హత.

రాత్రి పెట్టే పరీక్ష

పదిమంది మిత్రులు వెళ్లండి. ఒక్కరు, అది మీరే, ఆ రాత్రికి బాధ్యత తీసుకోండి. సాయంత్రం అయిదింటికి పక్షులు గూళ్లకు చేరుతుంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో! ఆరున్నరకు దోమలు మొదలవుతాయి. ఎనిమిదింటికి ఒకరికి ఆకలి, ఇంకొకరికి తలనొప్పి. తొమ్మిదింటికి తాగే నీళ్లు సరిపోవని తెలుస్తుంది. పదింటికి వాళ్లమ్మగారు ఫోన్ చేస్తే సిగ్నల్ లేక ఒకరు కంగారుపడతారు. రాత్రి ఒంటిగంటకు ఎవరో బాత్రూం ఎక్కడని లేపుతారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి అందరికీ టీ పెట్టి, పొద్దు పొడిచేసరికి గట్టు మీదకు తీసుకెళ్లాల్సిందీ మీరే.

తెల్లారాక ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్నిసార్లు చిరాకుపడ్డారు? ఎవరి అవసరం అడగకముందే గుర్తించారు? చెత్త ఎవరు ఏరారు? ఆ రాత్రి అలసటలోనూ మీకు హుషారుగా అనిపించిందా, ఎప్పుడు తెల్లారుతుందా అనిపించిందా? క్యాంప్ నడిపేవాళ్ల ఉద్యోగంలో పక్షుల్ని చూసే సమయం కొంతే. మిగతాదంతా మనుషుల్ని చూసుకోవడమే. అది నచ్చినవాళ్లకే ఈ దారి. నచ్చకపోతే సిగ్గుపడాల్సింది లేదు. రెండేళ్లు పోగొట్టుకోకుండా ఒక్క రాత్రిలో తెలుసుకున్నారు.

ఎన్ఎస్ఎస్‌లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం చేసినవాళ్లకు, ఎన్‌సీసీ క్యాంపులకు వెళ్లినవాళ్లకు ఇందులో సగం అలవాటే. ఆ సర్టిఫికెట్‌ను రెజ్యుమేలో చివరి లైన్‌గా పడేయకండి. ‘వంద మందికి భోజనాల ఏర్పాట్లు చూశాను’ అని పని పేరు పెట్టి రాయండి.

తాటిచెట్ల మీద గూడబాతులు

గైడ్‌కు, డ్రైవర్‌కు తేడా ఏమిటి? డ్రైవర్ చోటు చూపిస్తాడు. గైడ్ దాని కథ చెబుతాడు. మచ్చుకు ఒకటి వినండి. 1946లో కె.కె.నీలకంఠన్ అనే కేరళ అధ్యాపకుడు కొల్లేటి ప్రాంతంలోని ఆరేడులో గూడబాతుల పెద్ద ఆవాసాన్ని చూశారు. ఆయన బోధించింది పక్షిశాస్త్రం కాదు, ఇంగ్లిష్. వరిచేల మధ్యనున్న తాటిచెట్ల మీద ఆ పక్షులు గూళ్లు కట్టాయి. 1970ల నాటికి ఆ ఆవాసం కనుమరుగైంది. మళ్లీ ఆటపాకలో అవి పిల్లల్ని పెంచుతున్నాయంటే, చెట్లు చాలని చోట అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల సాయం కూడా ఉంది. ఈ నాలుగు వాక్యాలు తెలిసిన కుర్రాడి వెంట వచ్చిన పర్యాటకుడు ఆ స్టాండ్లను తుప్పు పట్టిన ఇనుములా చూడడు.

పక్షుల పేర్లు యాప్ చెబుతుంది. లంక గ్రామంలో దోనె ఎలా నడుపుతారు, గుర్రపుడెక్క అల్లుకుంటే వలకు ఏమవుతుంది, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు జనం ఎలా వస్తారు, కొర్రమీను పులుసు ఎవరింట్లో బాగుంటుంది? ఇవి మీకు, మీ తాతయ్యకు తెలిసిన విషయాలు. ఢిల్లీ నుంచి వచ్చిన ఎంబీఏకు ఇవి నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. మీ పెట్టుబడి ఇదే.

ఏయే కొలువులు?

నేచర్ గైడ్, క్యాంప్ ఇన్‌స్ట్రక్టర్, క్యాంప్ మేనేజర్, బోటు నిర్వాహకుడు, లైఫ్‌గార్డ్, పాఠశాల పిల్లల ప్రకృతి శిబిరాల సమన్వయకర్త.. ఇవి ప్రైవేటు వైపు. కుటుంబాలు, విద్యార్థినుల బృందాలు వచ్చే చోట మహిళా గైడ్లు, ఇన్‌స్ట్రక్టర్లు ఉండటం పెద్ద భరోసా. అమ్మాయిలు ఇది తమ రంగం కాదనుకోవద్దు. నమూనాలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. మారేడుమిల్లి అడవుల్లో, కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో అటవీశాఖ స్థానికులను కలుపుకుని పర్యాటకం నడిపిస్తోంది. కొల్లేరు కంటే ముందు ఆ రెండూ చూసి రండి. టికెట్ దగ్గర ఎవరున్నారు, బోటు ఎవరు నడుపుతున్నారు, చెత్త ఎటు పోతోంది గమనించండి.

ప్రభుత్వం వైపు చూస్తే ఏపీపీఎస్సీ భర్తీచేసే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ పోస్టులకు ఇంటర్ అర్హత చాలు. రాతపరీక్షతో పాటు నడక పరీక్ష ఉంటుంది. నాలుగు గంటల్లో పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నడవాలి. పుస్తకాలతో పాటు కాళ్లకూ ప్రాక్టీస్ కావాలి.

ఎక్కడ నేర్చుకోవాలి?

పర్యాటక రంగంలో బీబీఏ, ఎంబీఏ చేయాలంటే కేంద్ర పర్యాటకశాఖ కింద పనిచేసే ఐఐటీటీఎంకు నెల్లూరులో క్యాంపస్ ఉంది. అదే సంస్థకు చెందిన గోవాలోని జాతీయ వాటర్ స్పోర్ట్స్ సంస్థ ప్రాణరక్షణ, పవర్‌బోటు నిర్వహణలో స్వల్పకాలిక కోర్సులు నడుపుతుంది. నీళ్ల దగ్గర పనిచేయాలనుకుంటే ఇవి ఎంతో విలువైనవి. కొండలంటే ఇష్టమైతే ఉత్తరకాశీ, డార్జిలింగ్, మనాలీల్లోని పర్వతారోహణ సంస్థలు ఉన్నాయి. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ తొలి అడుగులు పడింది భువనగిరి రాతికొండ మీద అన్నది గుర్తుంచుకోండి. పక్షుల అధ్యయనానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కోర్సులు అందిస్తుంది. ప్రథమ చికిత్స శిక్షణ మాత్రం ఏ పోస్టుకైనా ముందే పూర్తిచేసుకోండి.

2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన విషాదం మనం మరిచిపోలేం. లైఫ్‌జాకెట్ వేసుకోనని మొండికేసే అతిథికి మర్యాదగా, గట్టిగా ‘అయితే బోటు కదలదండీ’ అని చెప్పగలగాలి. సముద్రంలోకి దిగుతామనే బృందాన్ని ఆపగలగాలి. ఆ ధైర్యం ఏ సర్టిఫికెట్‌లోనూ రాసి ఉండదు. ఇంటర్వ్యూలో మాత్రం అడుగుతారు.

సొంతంగా పెడితే మిగిలేదెంత?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే. మీ ఊరి ధరలతో మార్చుకోండి. పదిమంది అతిథులు, తలకు 1,500 రూపాయలు అంటే 15,000 వచ్చాయి. భోజనం, టిఫిన్లకు 4,000. వ్యానుకు 3,500. వంటకు, సాయానికి ఇద్దరికి 2,000. స్థలం అద్దె 1,500. టెంట్ల అరుగుదల, మందుల పెట్టె, ప్రచారం కలిపి మరో 1,500. మిగిలింది 2,500. సీజన్‌లో పన్నెండు వారాంతాలు నిండినా 30,000. ఏడాదికి!

నిరుత్సాహపడమని కాదు ఈ లెక్క. క్యాంప్ ఒక్కటే నమ్ముకుని ఉద్యోగం మానేయొద్దని చెప్పడానికి. వారాంతాల్లో క్యాంప్, మామూలు రోజుల్లో స్కూలు పిల్లల పక్షి నడకలు, వేసవిలో మరో చోట ఇన్‌స్ట్రక్టర్ పని.. ఇలా మూడు నాలుగు పాయలు కలిస్తేనే ప్రవాహం. మొదటి రెండేళ్లు ఎవరి దగ్గరైనా జీతానికి పనిచేస్తే, తప్పులు మీ ఖర్చుతో కాకుండా నేర్చుకుంటారు.

సరస్సు ఉంటేనే

చివరిగా అసలు విషయం. అభయారణ్యం పరిధిలో తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో కోర్టు ఆదేశాలతో కూల్చేశారు. కొందరికి అది సరస్సుకు ఊపిరి. ఇంకొందరికి కూడు పోయిన రోజు. ఆ వాదన లంక గ్రామాల్లో నేటికీ చల్లారలేదు. మీ క్లాస్‌మేట్ల ఇళ్లలో రెండు పక్షాలవాళ్లూ ఉంటారు. ఇక్కడ గైడ్ కావాలనుకునేవాళ్లు ఆ రెండు కథలూ వినాలి. అతిథికి రెండూ చెప్పాలి. పక్షుల వల్ల కూడా నాలుగు కుటుంబాలు బతుకుతాయని ఊరికి కనిపించిన రోజు కొల్లేరుకు కాపలాదారులు పెరుగుతారు. ప్లాస్టిక్ గ్లాసులు, డీజే బాక్సులతో క్యాంప్ పెడితే, మీ కొలువుతో పాటు పక్షుల కొలువూ పోతుంది.

ఈ సీజన్‌లోనే మొదలుపెట్టండి

- ఈబర్డ్, మెర్లిన్ యాప్‌లు ఉచితం. వారానికి ఒకరోజు మీ కాలేజీ ఆవరణలోనే అరగంట పక్షుల్ని లెక్కపెట్టి నమోదు చేయండి.
- ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. స్థానిక అటవీ సిబ్బందిని, పక్షి ప్రేమికులను సంప్రదించి వలంటీర్‌గా చేరండి.
- ఫిబ్రవరిలో క్యాంపస్ బర్డ్ కౌంట్ ఉంటుంది. మీ కాలేజీ తరఫున మీరే మొదలుపెట్టవచ్చు.
- కొల్లేటి గురించి తెలుగులో పది నిమిషాలు, ఇంగ్లిష్‌లో పది నిమిషాలు తడబడకుండా చెప్పడం సాధన చేయండి. హిందీ వస్తే ఇంకా మంచిది.
- వెళ్లిన ప్రతిసారీ తేదీ, చూసిన పక్షులు, మాట్లాడిన మనుషులు, చేసిన తప్పు ఒక నోట్‌బుక్‌లో రాయండి. రెండు సీజన్ల తర్వాత ఇంటర్వ్యూ బల్ల మీద పెట్టడానికి మీ దగ్గర డిగ్రీతో పాటు ఆ నోట్‌బుక్ కూడా ఉంటుంది.

వచ్చే శనివారం ఖాళీయేనా? అయితే ముందు ఇంట్లో చెప్పండి, ఆ తర్వాత అటవీశాఖ ఆఫీసుకు వెళ్లి హద్దు అడగండి. దోమతెర మరచిపోకండి.